గోడవైపు తిరిగిన కృష్ణమ్మ

ఆ వీడియోను నేను చివరిదాకా చూడలేదు. మొదట్లో కాస్త చూసి ఫోను బోర్లా పెట్టేశాను. డిటెక్టివ్ అన్నాక ఆధారాన్ని పూర్తిగా చూడాలంటారు. అందులో ఆధారం ఏముంది నా మొహం. పక్షవాతంతో మంచాన పడ్డ ఓ పెద్దావిడ, ఆమెకు బట్టలు మారుస్తున్న ఓ అమ్మాయి చేతులు. గది మూలనున్న కెమెరా తీసిన దృశ్యాన్ని ఎవడో కత్తిరించి, కింద పగలబడి నవ్వే బొమ్మలు అతికించి మిర్యాలగూడ వాట్సాప్ గ్రూపుల్లోకి వదిలాడు. ఊరు ఊరంతా చూసింది. చూసి, "అయ్యో పాపం" అని రాసి, ఇంకొకడికి పంపింది. వదిలినవాడి కంటే ఆ "అయ్యో పాపం" గాళ్లను తలుచుకుంటేనే నాకు ఎక్కువ డోకు వచ్చింది.

ఆ పెద్దావిడ పేరు కృష్ణమ్మ. వాడపల్లి దగ్గర ఓ ఊరికి ఒకప్పుడు సర్పంచ్. ఆమె వస్తుంటే అరుగుల మీది మగవాళ్లు బీడీలు ఆర్పేసి లేచి నిలబడేవారట. ఇప్పుడు మాట పడిపోయింది, కుడి పక్క పడిపోయింది.

పొద్దున్నే సూర్యాపేటలో నా ఆఫీసు తాళం తీస్తుండగా ఆమె కోడలు అలేఖ్య ఫోన్ చేసింది.

"జ్యోత్స్న మేడం, అత్తమ్మను చూసుకునే రూపను పోలీసులు తీస్కపోతరట. వీడియో ఆ పిల్లనే బయట పెట్టిందని రిపోర్టు ఇచ్చిన్రు. అత్తమ్మ రూప చేతిది తప్ప ఎవరి చేతిదీ తినది. ఆ పిల్లను జైల్ల ఏస్తే మా అత్తమ్మ గూడ దక్కది. జర మీరు రండి మేడం."

నేను బండి తీశాను.

మిర్యాలగూడలో వాళ్ల గేటు ముందు పోలీసు జీపు ఆగి ఉంది. అందులో ఓ మహిళా కానిస్టేబుల్ కునికిపాట్లు పడుతోంది. హాల్లో ఎస్సై జగదీష్ చాయ్ తాగుతున్నాడు. ఆయన పక్కన కాలు మీద కాలు వేసుకుని, ఈ భూమ్మీద నేను చూడకూడదనుకునే మనుషుల్లో మొదటివాడు కూర్చున్నాడు. ప్రభాకర్. కోదాడలో కంప్యూటర్ సెంటర్ నడుపుతాడు. కార్డు మీద "సైబర్ నిపుణుడు" అని అచ్చు వేయించుకున్నాడు. కంప్యూటర్ అనే మాట వినగానే మా వైపు స్టేషన్లు ఆయనకే కబురు పెడతాయి. ఇంతకుముందు ఓ పెళ్లి ఫొటోల కేసులో ఆయనిచ్చిన తప్పుడు రిపోర్టును కోర్టులో తుక్కు తుక్కు చేసింది నేనే. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు.

ఈసారి ఇంకో సంగతి కూడా ఉంది. ప్రభాకర్ ఈ ఇంటివాడే. కృష్ణమ్మకు సొంత మరిది.

"రండి జ్యోత్స్న గారూ" అన్నాడు కూర్చున్నచోటి నుంచి కదలకుండా. "పెళ్లయిపోయాక భోజనానికి వచ్చినట్టు వచ్చారు. కేసు అయిపోయిందండీ."

"ఎట్ల అయిపోయింది?"

ఆయన గోడ వారగా ఉన్న కంప్యూటర్ వైపు వేలు చూపించాడు. "అది మా అలేఖ్య పెట్టుకున్న లినక్స్ మెషీన్. కాలేజీలో కంప్యూటర్లు చెప్తది కదా, ఆవిడే కూర్చుకుంది. వదిన గదిలో కెమెరా తీసేదంతా అందులోకే వస్తది, అందులోనే ఉంటది. దానికి ఫైర్‌వాల్ ఉంది. బయటినుంచి ఎవడు వచ్చినా ఆపేస్తది. ఇంటి నెట్‌లో ఉన్నవాళ్లకే కెమెరా కనపడుద్ది. ఇంటి నెట్‌లో ఉన్నది ఎవరు? మా రాకేష్, అలేఖ్య, ఈ పిల్ల. కొడుకూ కోడలూ ఇలాంటి పని చేస్తారా? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టా."

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టుడంటే గిదే మేడం" అన్నాడు ఎస్సై, చాయ్ కప్పు కింద పెట్టి. "మీరు అడిగేది అడుగుండ్రి. నేను పన్నెండు దాకానే ఆగుత."

"మా రాకేష్ పాపం పొద్దున్నే సూర్యాపేట పోయాడు, వకీలు దగ్గరికి" అన్నాడు ప్రభాకర్. తర్వాత ఒడిలో ఉన్న స్టీలు ఫ్లాస్కు తీసి బల్ల మీద పెట్టాడు. "మా ఆవిడ వదినకి రాగిజావ కాచి పంపింది. నా చేత్తో పోస్తే వదిన మింగదు. ఆ పిల్ల పోయేలోపు ఒక్కసారి తాగించి పొమ్మనండి ఎస్సై గారూ. ముసలి ప్రాణం."

ఎస్సై మొహంలో జాలి కనిపించింది. నాకు కూడా ఆ క్షణంలో, వీడిలో మనిషి అనేవాడు ఇంకా మిగిలే ఉన్నాడేమో అనిపించింది. ఎంత బుద్ధిలేని ఆలోచనో తర్వాత తెలిసింది.

ఫ్లాస్కు తీసుకుని నేనే కృష్ణమ్మ గదిలోకి వెళ్లాను.

గది చిన్నది. మంచాన్ని గోడకు ఆనించి వేశారు. కృష్ణమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నెరిసిన జడ, తెల్ల చీర, మంచం పట్టె మీద ఎడమ చెయ్యి, ఆ చేతిలో ఖాళీ స్టీలు గ్లాసు. కిటికీ పక్కన రూప నిలబడి ఉంది. మాడుగులపల్లి అమ్మాయి. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బాయి. పైన మూలన కెమెరా ఉంది. దాని మీద ఎర్ర చుక్క వెలుగుతోంది.

నేను మెత్తగా మొదలుపెట్టలేదు. జాలి తర్వాత పడొచ్చు.

"వీడియో నీ ఫోన్‌ల ఉన్నదా?"

"ఉన్నది మేడం. మా ఊరోళ్లే పంపిన్రు. 'నీ చేతులే కనిపిస్తున్నయి, మొఖం పడలేదేంది' అని అడుగుతున్నరు."

"కెమెరా ఉన్నదని తెలిసి గూడ దాని ముందట బట్టలు మారుస్తవా?"

"ఎప్పుడూ తువ్వాల కప్పుత మేడం. గా దినం తువ్వాల జారింది. నేను సూస్కోలె. గది ఒక్కటే నేను చేసిన తప్పు."

"మరి ఇప్పుడెందుకు కప్పలే?"

"ప్రభాకర్ సారు వద్దన్నడు. సాక్ష్యమంట, ముట్టొద్దంట. అలేఖ్యమ్మ బంద్ చేస్తనంటే గూడ ఒప్పుకోలె."

నేను తలెత్తి ఆ ఎర్ర చుక్కను చూశాను. ఊరి ముందు పరువు పోయిన మనిషిని, పరువు తీసిన కెమెరా ముందే ఇన్నాళ్లూ పడుకోబెట్టారు. సాక్ష్యమట. ఆ మాట చెప్పినవాడు హాల్లో నా మాటలకు చెవి ఒగ్గి కూర్చున్నాడు కాబట్టి తిట్టు మింగేశాను.

"ఈ ఇంట్ల నీ మీద ఎవరికన్న కోపం ఉన్నదా?"

రూప తడబడింది. "పోయిన నెల ప్రభాకర్ సారు సిరా డబ్బా తెచ్చిండు. వాడపల్లి భూమి కాయితాల మీద అమ్మ వేలిముద్ర కావాలన్నడు. అమ్మ పిడికిలి బిగపట్టింది. బలిమిట్ల వేలు ఇప్పబోయిన్రు. నేను అడ్డం నిలబడ్డ. అమ్మకిష్టం లేదు, పోండ్రి సారూ అన్న."

"ఇప్పబోయిన్రు అంటున్నవ్. ఎంతమంది వచ్చిన్రు?"

రూప నా భుజం మీదుగా గుమ్మం వైపు చూసింది. అక్కడ అలేఖ్య నిలబడి ఉంది.

"నాకు యాదికి లేదు మేడం" అంది రూప.

అబద్ధం. అది ఏ రకం అబద్ధమో ఆ పూట నాకు తట్టలేదు. తన తప్పేదో దాస్తోందనుకున్నాను. ఎదుటి మనిషి సంసారం కూలకూడదని కూడా అబద్ధం ఆడతారని, ఇన్నాళ్లు ఈ బురదలో తిరిగిన నాకు గుర్తు రాలేదు.

"సిగ్గుతోని చచ్చిపోతున్నది మా అత్తమ్మ" అంది అలేఖ్య లోపలికి వస్తూ. "వీడియో వచ్చినకాడికెళ్లి గట్లనే గోడకు తిరిగి పండుకుంటున్నది."

"కాదమ్మా" అంది రూప నెమ్మదిగా. "వీడియో రాకముందుకెళ్లే తిరిగింది. నన్ను పిలవాలంటే గ్లాసుతోని మంచం పట్టె మీద కొడ్తది. ఇదివరకు కొట్టి నా దిక్కు సూసేది. ఇప్పుడు కొట్టి గోడ దిక్కు సూస్తది. చెవి ఆనిస్తది. మళ్ల కొడ్తది. గోడ మీద బల్లి ఉన్నదేమో అనుకున్న నేను."

"గోడ అవతల ఏమున్నది?"

"చిన్నాయనోళ్ల వాటా, ప్రభాకర్ సారుది. తాళమేసి ఉంటది."

"తిండి?"

రూప అరచేత్తో కళ్లు తుడుచుకుంది. "నిన్న పొద్దుగూకినకాడికెళ్లి నా చేతిది గూడ ముడుతలేదు మేడం. అమ్మ గూడ నన్నే అనుమానపడ్తున్నదేమో."

ఆ అమ్మాయిని ఏడిపించింది జైలు కాదు, ఇది. నేను ఫ్లాస్కు కిటికీలో పెట్టి హాల్లోకి వచ్చాను.

"అలేఖ్యా, నీ ఫైర్‌వాల్ చూపెట్టు."

అలేఖ్య కంప్యూటర్ ముందు కూర్చుని పాస్‌వర్డ్ కొట్టింది. నల్ల తెర మీద ఫైర్‌వాల్ నియమాలు వరస నంబర్లతో వచ్చాయి. కెమెరాకు సంబంధించినవి రెండే.

"మొదటి వరస ఏమంటున్నది?"

"ఇంటి నెట్‌ల ఉన్నోళ్లందరినీ రానియ్యమని."

"రెండోది?"

ఆమె ప్రభాకర్ వైపు చూడకుండా గొంతు తగ్గించింది. "ఇల్లు మొదలు ఒకటే ఉండె మేడం. మామయ్య పోయినంక వాటాలు పంచుకున్నరు. నడిమిట్ల ఒంటి ఇటుక గోడ లేపిన్రు. మాటలు బందైనయి. అత్తమ్మ పడిపోయినంకనే బాబాయి మళ్ల వస్తున్నడు. అయితే నెట్ అప్పటిది. కేబులాయన పిట్టగోడ మీద డబ్బా పెట్టి అటొక వైరు, ఇటొక వైరు ఇచ్చిండు. అటు పోయే వైరు తీపిచ్చేద్దామంటే పెద్దమనుషులు వద్దన్నరు. గోడ కట్టుకున్నరు, సరే, వైరు గూడ తెంపుకుంటే పాలోళ్లకు ఇగ రాకడ పోకడ ఏముంటదన్నరు. రాకేష్ గూడ ఉండనియ్యమన్నడు. అందుకే నేను వైరు తెంపకుంట, ఆ వాటా దిక్కుకెళ్లి ఎవరొచ్చినా ఆపమని కింద రెండో వరస రాసిన."

సంబంధం తెగిపోకూడదని వైరు ఉంచారు. ఆ వైరు మీద నమ్మకం లేక కంప్యూటర్లో కాపలా పెట్టారు. గోడకు అటూ ఇటూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు, వైరు మాత్రం చుట్టరికం నడుపుతూనే ఉంటుంది. ఇలాంటి ఇళ్లు మా వైపు వీధికి నాలుగున్నాయి.

"ఆ వాటా ఇంటి నెట్‌ల ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగాను.

"ఉన్నట్టే. డబ్బా ఒకటే కదా."

"ఫైర్‌వాల్ నియమాలను ఎటుకెళ్లి చదువుతది?"

అలేఖ్య తెరను చూసింది. నన్ను చూసింది. మళ్లీ తెరను చూసింది.

"పైకెళ్లి" అంది. "మొదటిది సరిపోతే కిందికి పోదు. నేను దాన్ని కింద రాసిన. పైన అందర్నీ రానియ్యమని ఉన్నది. రెండో వరస దాక అది ఎన్నడూ పోనే పోలేదు."

ఎస్సై నొసలు ముడిచాడు. "గదేంది, జర తెలుగుల చెప్పుండ్రి."

"పెండ్లి కాడ గేటు దగ్గర ఓ మనిషిని నిలబెట్టి, ముందు 'మనోళ్లందర్నీ పంపు' అన్నరు సారూ. తర్వాత 'చిన్నోడిని మాత్రం పంపకు' అన్నరు. వాడు మొదటి మాట దగ్గరనే ఆగిండు. చిన్నోడు మనోడే కదా అని గేటు తీసిండు. ఈమె తలుపు మూసిన అనుకుంటున్నది. అది ఎప్పుడూ బార్లా తెరిచే ఉన్నది."

నేను ప్రభాకర్ వైపు తిరిగాను. "మీ రిపోర్టులో ఆ వాటా మూసి ఉందని రాశారు."

"డినై, అంటే ఆపమని ఉందిగా తల్లీ. కళ్లతో చూసి రాశా."

"ఏ కళ్లతో చూశారు? మొదటి సంవత్సరం పిల్లలకు చెప్పే పాఠం ఇది. మీ సెంటర్‌లో ఇదే చెప్పి సర్టిఫికెట్లు ఇస్తున్నారు. మీకు తెలియక రాశారా, తెలిసే రాశారా?"

ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూస్తే జిడ్డు ముట్టుకున్నట్టు చేతులు తుడుచుకోవాలనిపించింది.

"సరే, తప్పే అనుకోండి. తలుపు తెరిచే ఉంది. అయితే ఏంటి? తలుపు తెరిచి ఉంటే దొంగ వచ్చినట్టేనా? నా వాటాకి తాళం వేసి ఏళ్లయింది. కరెంటు కూడా తీయించేశా. కెమెరా ఎవడు చూశాడు, పిల్లులా?"

"మేడం, గా మాట నిజమే కదా" అన్నాడు ఎస్సై.

అలేఖ్యను రెండో వరస తీసేసి, దాన్నే మొదటి వరసగా పెట్టమన్నాను. పెట్టింది. ఇప్పుడు ఆ వాటా నుంచి ఎవడు కెమెరా కోసం వచ్చినా ఫైర్‌వాల్ ఆపుతుంది. ఆపిన ప్రతిసారీ తెర మీద ఓ వరస పడుతుంది. ముగ్గురం తెర వైపు చూస్తూ నిలబడ్డాం.

ఏమీ పడలేదు. తెర ఎండిన చెరువులా ఉంది. ఎస్సై చేతి గడియారం చూసుకున్నాడు. నేను రెప్ప వేయకుండా చూశాను. అయినా ఏమీ పడలేదు.

"చూశారా ఎస్సై గారూ" అన్నాడు ప్రభాకర్. "ఈవిడ తలుపు మూసింది. వచ్చేవాడంటూ ఒకడుంటే తలుపు కొట్టాలి కదా. కొట్టాడా? లేడు కాబట్టి కొట్టలా. అటు ఎవరూ లేరు, ఎప్పుడూ లేరు. మిగిలింది ఇంట్లోవాళ్లు. అంటే ఆ పిల్ల." నా వైపు తిరిగాడు. "పెళ్లి ఫొటోల కేసులో కోర్టులో నా పరువు తీశారు. ఇవాళ నా ఇంట్లో నా చేతికి దొరికారు."

ఒళ్లంతా మండిపోతోంది, కానీ ఆయన చెప్పిందాంట్లో తప్పు కనిపించడం లేదు. ఎస్సై టోపీ పెట్టుకుని లేచాడు.

"రూపా, గా జావేదో తాపేసి రా. పోదాం."

నేను ఓడిపోయిన మొహంతో గదిలోకి వెళ్లాను. ఆ అమ్మాయికి ఏం చెప్పాలో తెలియలేదు. రూప అప్పటికే ఫ్లాస్కు మూత తీసి గిన్నెలో జావ పోస్తోంది. వెచ్చటి రాగి వాసన గదంతా నిండింది. కృష్ణమ్మ అటే తిరిగి ఉంది. పెదవులు బిగించి ఉన్నాయి.

"అమ్మా, కొంచెం తాగు" అంది రూప. "మళ్ల నేనుంటనో ఉండనో. కోపమొస్తే రేపు పడుదువు. ఇయ్యాల తాగు."

కృష్ణమ్మ ఎడమ చెయ్యి కదిలింది. గ్లాసు ఎత్తి మంచం పట్టె మీద కొట్టింది. టంగుమంది.

తర్వాత గోడ అవతల, చాలా సన్నగా, టంగుమంది.

నేను ఉన్నచోటే నిలిచిపోయాను. కృష్ణమ్మ మళ్లీ కొట్టింది. గదిలో చప్పుడు ఆగిపోయింది. ఓ గుక్క మింగేంత సేపు నిశ్శబ్దం. అప్పుడు గోడ వెనక నుంచి అదే చప్పుడు. ప్రతిధ్వని ఇంతసేపు ఆగి రాదు. మా గదిలో శబ్దం కెమెరాలోకి వెళ్లి, హాల్లో కంప్యూటర్‌కు చేరి, పిట్టగోడ మీది వైరు పట్టుకుని అవతలికి పోయి, అక్కడ ఏదో స్పీకర్లోంచి పలుకుతోంది. తాళం వేసిన వాటాలో, కరెంటు లేని వాటాలో, ఈ క్షణంలో ఒకడు కూర్చుని మంచం మీది మనిషిని చూస్తున్నాడు. మమ్మల్ని చూస్తున్నాడు.

నాకు ఒళ్లంతా తేళ్లూ జెర్రులూ పాకినట్టయింది. పైకి తలెత్తలేదు. ఎత్తితే వాడికి తెలిసిపోతుంది.

మరి తలుపు మూసినా వాడెలా చూస్తున్నాడు?

అప్పుడు వెలిగింది. ప్రభాకర్ మాటల గారడీలో పడి నేను మరిచిపోయిన సంగతి. తలుపు మూస్తే బయటివాడు లోపలికి రాడు. అప్పటికే లోపల కూర్చున్నవాడిని తలుపు లేపి బయటికి పంపదు. మా ఫైర్‌వాల్ కొత్తగా వచ్చేవాడినే ఆపుతుంది. ముందే కలిసి ఉన్న కనెక్షన్‌ను అలాగే నడవనిస్తుంది. వాడు పొద్దుటి నుంచీ కదలకుండా లోపలే ఉన్నాడు. అందుకే తలుపు కొట్టలేదు. కొట్టాల్సిన అవసరమే రాలేదు.

నేను ఆవలిస్తున్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నింపాదిగా హాల్లోకి వచ్చాను. వెనక రూప చెంచాతో జావ తీసి కృష్ణమ్మ పెదవుల దాకా తీసుకెళ్తోంది.

"అలేఖ్యా" అన్నాను, ఎవరికీ అనుమానం రానంత మామూలుగా. "కెమెరా ప్రోగ్రామ్ ఒక్కసారి ఆపి మళ్ల మొదలుపెట్టు."

"ఎందుకు?" ప్రభాకర్ కాలు మీది కాలు దించాడు.

"ఊరికెనే."

"అది సాక్ష్యం. ముట్టుకోకూడదు. ఎస్సై గారూ, ఇది..."

అలేఖ్య వేళ్లు అప్పటికే మీట నొక్కాయి. పాత కనెక్షన్ తెగింది, లోపలున్నవాడు ఇక కొత్తగా తలుపు కొట్టాల్సిందే.

ఎండిపోయిన తెర మీద ఓ వరస పడింది. వెంటనే ఇంకోటి. దాని కింద ఇంకోటి. ఆపబడింది, ఆపబడింది, ఆపబడింది. వచ్చేవాడి అడ్రసు అన్నింట్లోనూ ఒకటే. అలేఖ్య రెండో వరసలో రాసి పెట్టుకున్న, ఆ వాటా అడ్రసు.

"సారూ, ఇప్పుడు కొడుతున్నడు తలుపు" అన్నాను.

ఎస్సైకి కంప్యూటర్ భాష రాకపోవచ్చు. మనిషి మొహం చదవడం వచ్చు. ఆయన తెరను ఒక్కసారి చూసి, ప్రభాకర్ వైపు తిరిగాడు. "తాళమన్నవ్. కరెంటు లేదన్నవ్."

ప్రభాకర్ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

అంతలో బల్ల మీది ఆయన ఫోను మోగింది. ఆయన చెయ్యి చాచాడు. నా చెయ్యి ముందు చేరింది. పేరు చూడకుండానే స్పీకర్ నొక్కి పట్టుకున్నాను.

"బాబాయ్" అంది ఓ మగ గొంతు, ఆత్రంగా, తొందరగా. "బొమ్మ ఆగిపోయింది. చెంచా నోటి దాక పోయింది, గంతల్నే పోయింది. తాగిందా లేదా? బాబాయ్, అమ్మ జావ తాగిందా?"

ఆ మాటలు ఫోన్‌లోంచి వచ్చాయి. కృష్ణమ్మ గదిలో గోడ వెనక నుంచి కూడా వచ్చాయి. ఈసారి నడుమ ఆలస్యం లేదు.

అలేఖ్య కుర్చీలోంచి లేచింది. పెళ్లయిన నాటి నుంచి వింటున్న గొంతు అది. పోల్చుకోవడానికి ఆమెకు పేరు అక్కర్లేదు.

"రాకేష్, నువ్వు సూర్యాపేటల కదా ఉన్నవ్" అంది.

ఫోను తెగిపోయింది. గోడ వెనక కుర్చీ పడిన చప్పుడు వినిపించింది.

ఎస్సై ప్రభాకర్ జబ్బ పట్టి నేల మీద కూలదోసి, జీపులోని కానిస్టేబుల్‌ను కేకేస్తూ పెరటి తలుపు వైపు పరుగెత్తాడు. నేను గదిలోకి పరుగెత్తాను. రూప చేతిలోంచి గిన్నె లాక్కుని జావను తిరిగి ఫ్లాస్కులో పోసి మూత బిగించాను. అందులో ఏం కలిపారో పరీక్షలో తేలుతుంది. దాన్ని ఎవరి చేత్తో తాగించాలనుకున్నారో నాకు అప్పుడే తేలిపోయింది. రాకేష్ చేతికి మట్టి అంటదు. ప్రభాకర్ చేతికి అంటదు. వేలిముద్ర దగ్గర అడ్డం నిలబడ్డ పిల్ల, ఇప్పటికే ఊరంతా అనుమానిస్తున్న పిల్ల, పోలీసు ముందే చెంచాతో పోస్తుంది. తర్వాత ఏం జరిగినా ఒక్కదాని మెడకే చుట్టుకుంటుంది. వేలిముద్ర ఇవ్వని తల్లి పోతే వాడపల్లి భూమి కొడుకు చేతికొస్తుంది. అందుకోసం రాకేష్ కన్నతల్లిని బట్టల్లేకుండా బజార్లో పెట్టాడు. పురుగులు కూడా ఇంత పని చెయ్యవు.

"చెంచా?" అని అరిచాను. "ఒక్క చుక్క అన్న తాగిందా?"

రూప బిత్తరపోయి చూసింది. "లేదు మేడం. నోరు తెరవలె. పండ్లు గట్టిగ పట్టుకున్నది."

కృష్ణమ్మ మెల్లగా గోడ మీంచి మొహం తిప్పింది. ఈ ఇంట్లో నేను ఆమె కళ్లు చూడటం అదే మొదటిసారి. అందరం సిగ్గు అనుకున్నాం. ఆ కళ్లలో సిగ్గు లేదు. రోజుల తరబడి ఆమె ఆ ఒంటి ఇటుక గోడకు చెవి ఆనించి కొడుకు గొంతు వింటూ పడుకుంది. నిన్న సాయంత్రం జావ గురించి వాళ్లు మాట్లాడుకున్నది కూడా విన్నది. ఎవరికైనా చెబుదామంటే మాట లేదు. అందుకే నోరు మూసుకుంది.

గుమ్మంలో అలేఖ్య తలుపు పట్టుకుని నిలబడింది. పెరటి వైపు ఎవరో గోడ దూకిన చప్పుడు, ఎస్సై కేకలు, కుక్కల అరుపులు.

రూప ఆ చెంచా కిటికీలోంచి అవతల పారేసింది. కొత్త చెంచా తెచ్చి, కుండలోంచి నీళ్లు ముంచి, ముందు తను ఓ గుక్క తాగింది. తర్వాత కృష్ణమ్మ పెదవుల దగ్గర పెట్టింది.

కృష్ణమ్మ నోరు తెరిచింది.